‘ఒక్క సెంటు కాదు’ అని రాసున్న సెంటు

1863 నాటి రాగి బిళ్ళ ఒకటుంది. అడ్డంగా కొలిస్తే 19 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మన పాత పావలా అంత. ఒకవైపు అమ్మవారి తలలాంటి లిబర్టీ బొమ్మ. రెండోవైపు ఆకుల దండ మధ్యలో పెద్ద అక్షరాలతో ‘వన్ సెంట్’. ఎవరికైనా ఒక సెంటు నాణెంలాగే కనిపిస్తుంది. కానీ కళ్ళు చికిలించి చూస్తే, ఆ రెండు మాటల పైన, దండలో కలిసిపోయేంత చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంటుంది: ‘నాట్’. కలిపి చదివితే, ‘ఒక్క సెంటు కాదు’.

ఈ బిళ్ళతో రొట్టె కొనుక్కోవచ్చు, బీరు తాగొచ్చు, పొద్దున్నే పేపరు తెచ్చుకోవచ్చు. కోర్టులో మాత్రం, ‘నేను సెంటునని ఎప్పుడన్నాను? చదువుకోండి’ అనగలదు. ఇంత గడుసు నాణెం ఇంకోటి ఉందో లేదో.

అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, ముఖ్యంగా 1862 చివరి నుంచి 1864 దాకా, ఇలాంటి బిళ్ళల్ని ఉత్తరాది రాష్ట్రాల చిన్న వ్యాపారులు సొంతంగా కొట్టించి చెలామణి చేశారు. సారా కొట్లవాళ్ళు, కిరాణావాళ్ళు, మాంసం కొట్లవాళ్ళు, మందుల షాపులవాళ్ళు, చెప్పులు అమ్మేవాళ్ళు, చివరికి శవపేటికలు చేసేవాళ్ళు కూడా. సేకర్తల అంచనా ప్రకారం తక్కువలో తక్కువ రెండున్నర కోట్ల బిళ్ళలు. వాటిలో అచ్చుల తేడాలు లెక్కేస్తే పది వేలకు పైగా రకాలు. ప్రభుత్వం చేయాల్సిన పనిని పక్కవీధి కొట్టాయన చేసిపెట్టిన రెండేళ్ళ కథ ఇది.

‘చిల్లర లేదండీ, చాక్లెట్ తీసుకోండి’ అనే మాట వినకుండా మన ఊళ్ళలో ఎవరూ పెరిగి ఉండరు. ఫోన్‌తో డబ్బులు పంపడం వచ్చాక ఆ మాట తగ్గింది కానీ, పదేళ్ళ కిందట కూడా కౌంటరు మీద ఆ గాజు సీసా ఉండేది. చాక్లెట్‌కీ ఈ బిళ్ళకీ చుట్టరికం ఉంది, ఒక్క తేడా తప్ప. మనం నాలుగు చాక్లెట్లు పోగేసి, మర్నాడు అదే కొట్టుకు పట్టుకెళ్ళి సబ్బు ఇమ్మంటే ఇవ్వరు. చాక్లెట్ ఒకవైపే నడుస్తుంది. 1863 నాటి బిళ్ళ రెండువైపులా నడిచింది. అదే కొట్లోనూ నడిచింది, పక్క కొట్లోనూ నడిచింది. ఎందుకు నడిచిందన్నదే అసలు సంగతి.

ముందు చిల్లర ఎలా మాయమైందో చూడాలి.

యుద్ధం 1861 ఏప్రిల్‌లో మొదలైంది. ఖర్చు ఎవరూ ఊహించనంత పెరిగిపోయింది. ఆ ఏడాది డిసెంబరు ఆఖర్లో న్యూయార్క్ బ్యాంకులు తమ నోట్లకు బదులు బంగారం ఇవ్వడం ఆపేశాయి. ప్రభుత్వ ఖజానా కూడా అదే దారి పట్టింది. 1862 ఫిబ్రవరిలో వెనకవైపు ఆకుపచ్చ సిరాతో అచ్చేసిన కాగితపు డాలర్లు వచ్చాయి. జనం వాటిని ‘గ్రీన్‌బ్యాక్’ అన్నారు. వాటి వెనక బంగారం లేదు, ప్రభుత్వం మాట మాత్రమే ఉంది. ఆ ప్రభుత్వం యుద్ధం గెలుస్తుందో లేదో తెలీదు. దాంతో కాగితం విలువ పడుతూ వచ్చింది. జూలై నాటికి 100 డాలర్ల బంగారం కావాలంటే సుమారు 115 కాగితపు డాలర్లు పోయాలి.

ఇక్కడ వెండి సంగతి కాస్త చిత్రమైనది. అమెరికా 1853లోనే అర్ధ డాలరు, పావు డాలరు లాంటి చిన్న వెండి నాణేల బరువు ఏడు శాతం దాకా తగ్గించింది, వాటిని ఎవరూ కరిగించుకోకుండా. కాబట్టి కాగితం విలువ కాస్త తగ్గినంతవరకూ వెండి చిల్లర బజారులోనే ఉంది. ఆ ఏడెనిమిది శాతం గీత దాటగానే లెక్క తిరగబడింది. ఇప్పుడు చేతిలో ఉన్న వెండి నాణెం, దాని మీద రాసిన విలువగల కాగితం కంటే ఎక్కువ. బుద్ధున్న వాడెవడూ దాన్ని ఖర్చు పెట్టడు. దళారులు మూటలు కట్టి కెనడాకూ, దక్షిణానికీ ఎగుమతి చేశారు. 1862 జూన్, జూలై నెలల్లో, కొన్ని వారాల తేడాలో, ఉత్తరాది ఊళ్ళలో వెండి చిల్లర కనపడకుండా పోయింది. చెడ్డ డబ్బు మంచి డబ్బును తరిమేస్తుందని అర్థశాస్త్రం పాఠంలో ఒక్క వాక్యంలో చదివేస్తాం. అది నిజంగా జరిగినప్పుడు కూరలమ్మే మనిషి ముందు నిలబడి గుటకలు మింగాల్సి వస్తుంది.

ఆ తర్వాత సెంటు కూడా పోయింది. ఇది మాత్రం లోహం విలువ వల్ల కాదు. అప్పటి సెంటు రాగిలో 12 శాతం నికెల్ కలిపిన తెల్లటి నాణెం. అందులోని లోహం ఖరీదు సెంటు కంటే తక్కువే. యుద్ధానికి కొన్నేళ్ళ ముందు ఆ సెంట్లు మరీ ఎక్కువై, తీసుకోమంటే వ్యాపారులు మొహం చిట్లించేవారు. అలాంటి నాణెం ఎందుకు మాయమైంది? మిగిలిన చిల్లర అదొక్కటే కాబట్టి. అందరికీ కావాలి కాబట్టి ఎవరూ వదల్లేదు. సంచుల్లో కట్టి, రాసిన విలువ మీద కొంత పైసలు వేసుకుని అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. టంకశాల ఊరికే కూర్చోలేదు. 1862లో 2 కోట్ల 80 లక్షల సెంట్లు, 1863లో దాదాపు 5 కోట్లు కొట్టింది. వచ్చినవి వచ్చినట్టే పెట్టెల్లోకి పోయాయి. కరువు వస్తుందన్న పుకారుకే ఊళ్ళో ఉప్పు అయిపోతుంది చూడండి, అలాగ.

చిల్లర లేకపోతే ఏమవుతుంది? పెద్దవాళ్ళకు పెద్దగా ఏమీ కాదు. ఖాతా పుస్తకంలో రాసుకుంటారు, నెలాఖరుకు చెక్కు ఇస్తారు. రోజు కూలీకి అలా కుదరదు. ఆమెకు పాలు రెండు సెంట్లవి కావాలి, రొట్టె మూడు సెంట్లది కావాలి. చేతిలో ఒక డాలరు కాగితం ఉంటే, అది ఉన్నా లేనట్టే. కొట్టాయన దాన్ని మార్చలేడు. అప్పు పెట్టమంటే పెట్టడు. ‘మొత్తం డాలరుకు సరుకు తీసుకుంటే ఇస్తాను’ అంటాడు. పేదరికమంటే డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, చిన్న మొత్తాల్లో తప్ప బతకలేకపోవడం కూడా. చిల్లర కరువు సూటిగా వెళ్ళి ఆ రెండోదాని మీద దెబ్బ కొడుతుంది.

జనం ముందు తపాలా బిళ్ళలు పట్టుకున్నారు. పోస్టాఫీసుల్లో స్టాంపులకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. స్టాంపుకు ఒక ధర ఉంది, అది ప్రభుత్వానిది, చిన్న విలువల్లో దొరుకుతుంది. ఇంకేం కావాలి? ఒక్క చిక్కు: దాని వెనక జిగురుంది. జూలై, ఆగస్టు ఎండల్లో, చెమట చేతుల్లో, జేబుల్లో స్టాంపులు ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయేవి. చిన్న చిన్న కవర్లలో వేసి, పైన ఎన్ని సెంట్లో రాసి ఇచ్చేవారు. తీసుకున్నవాడు కవరు విప్పి లెక్కపెట్టుకోవాలి. వెనక వరసలో నిలబడ్డవాళ్ళ తిట్లు ఊహించుకోండి.

జాన్ గాల్ట్ అనే ఆయనకు దీంట్లో వ్యాపారం కనిపించింది. 1862 ఆగస్టు 12న పేటెంటు తీసుకున్నాడు. గుండ్రటి ఇత్తడి చట్రంలో స్టాంపును పెట్టి, మీద పారదర్శకంగా ఉండే పలచని అభ్రకం రేకు బిగిస్తాడు. మన గూడూరు గనుల వైపువాళ్ళకు పరిచయం చెయ్యక్కర్లేని అభ్రకమే. చూస్తే స్టాంపు కనిపిస్తుంది, చేతికి జిగురు అంటదు, నాణెంలా గలగలమంటుంది. కనెక్టికట్ రాష్ట్రం వాటర్‌బరీలో గుండీలు తయారుచేసే స్కోవిల్ కంపెనీ వీటిని చేసింది. వెనకవైపు ఇత్తడి ఖాళీగా ఎందుకుండాలని, ఆ చోటును ప్రకటనలకు అమ్మాడు. ఎయర్స్ సార్సపరిల్లా టానిక్కు, విరేచనాల మాత్రలు, డ్రేక్స్ బిట్టర్స్. అంటే చేతిలో డబ్బు తిప్పి చూసుకుంటే మలబద్ధకానికి మందు పేరు కనిపించేది. మనం ఫోన్లో డబ్బు పంపగానే వచ్చే ప్రకటనలు చూసి ఇదేదో కొత్త రోగమనుకుంటాం కానీ, దీనికి నూట అరవై ఏళ్ళున్నాయి. గాల్ట్ బిళ్ళలు బాగున్నాయి కానీ ఖరీదెక్కువ. ఎక్కువ కాలం నిలవలేదు.

ప్రభుత్వం కూడా స్టాంపుల దారే పట్టింది. ట్రెజరరు ఫ్రాన్సిస్ స్పిన్నర్ కాగితాల మీద స్టాంపులు అంటించి చూపించాడని చెబుతారు. దాన్నుంచే స్టాంపుల బొమ్మలు అచ్చేసిన చిన్న నోట్లు పుట్టాయి. ఆగస్టు నెలలో ‘పోస్టేజ్ కరెన్సీ’ పేరుతో బజారులోకి వచ్చాయి. మొదట్లో వాటి అంచులు కూడా స్టాంపుల్లాగే చిల్లులు పొడిచి ఉండేవి. కానీ ఆ నోట్లలో అన్నిటికంటే చిన్నది 5 సెంట్లది. దాని కింద ఏమీ లేదు. న్యూయార్క్‌లో ‘సన్’ పత్రిక అప్పటికి ఒక్క సెంటు. ఆ ఒకటి నుంచి నాలుగు సెంట్ల దాకా ఉన్న ఖాళీలోనే ఈ రాగి బిళ్ళలన్నీ పుట్టాయి. పెద్ద విలువల బిళ్ళలు అంత అరుదుగా, సెంటు సైజువి అంత విస్తారంగా ఉండటానికి కారణం ఇదే.

స్టాంపుల్ని ప్రభుత్వ చెల్లింపులకు ఒప్పుకుంటామని చెప్పిన 1862 జూలై 17 చట్టంలోనే ఇంకో నిబంధన ఉంది. ఆగస్టు 1 నుంచి ఏ ప్రైవేటు మనిషీ, సంస్థా డాలరు కంటే తక్కువ విలువకు డబ్బులా చెలామణి అయ్యే నోటు గానీ టోకెన్ గానీ ఇవ్వకూడదు. ఇస్తే 500 డాలర్ల దాకా జరిమానా, లేదా ఆరు నెలల జైలు, లేదా రెండూ. అంటే రెండున్నర కోట్ల బిళ్ళలూ ఈ చట్టం కాగితాల మీద ఉండగానే బజారులో తిరిగాయన్నమాట.

అందుకే ఆ బుల్లి ‘నాట్’. అందుకే చాలా బిళ్ళల మీద విలువే ఉండదు. కొట్టు పేరు, వీధి పేరు, ఏం అమ్ముతారో మాత్రమే ఉంటాయి. అడిగితే, ‘ఇది డబ్బు కాదండీ, ప్రకటన’ అనొచ్చు. ఈ ఎత్తు కూడా పాతదే. 1837 ఆర్థిక సంక్షోభంలో వచ్చిన టోకెన్ల మీద, రక్షణకైతే కోట్లిస్తాం, కప్పం కట్టమంటే ఒక్క సెంటూ ఇవ్వమనే పాత రాజకీయ నినాదాన్ని చెక్కారు. చెక్కడంలో ‘ఒక్క సెంటు’ అన్న మాటలు మధ్యలో పెద్దగా వచ్చేలా చూసుకున్నారు. పాతికేళ్ళ తర్వాత ఆ నినాదం రాలిపోయి, తప్పించుకునే ఉపాయం ఒక్కటే మిగిలింది.

బిళ్ళల తయారీ మొదట పశ్చిమాన సిన్సినాటి లాంటి ఊళ్ళలో ఊపందుకుని, 1863లో న్యూయార్క్‌కు చేరింది. సిన్సినాటి అప్పటికి పంది మాంసం వ్యాపారానికి పేరుపడ్డ, జర్మన్లు ఎక్కువగా ఉన్న నది ఒడ్డు నగరం. అక్కడ జాన్ స్టాంటన్, విలియం లాన్‌ఫియర్ లాంటి అచ్చులు చెక్కే పనివాళ్ళున్నారు. వాళ్ళ పద్ధతి మన పెళ్ళి శుభలేఖల ప్రెస్సులాంటిది. లిబర్టీ తల, గద్ద, డాలు, దండ లాంటి బొమ్మల అచ్చులు ముందే చేసి పెట్టుకుంటారు. మీరు వెళ్ళి ఒక బొమ్మ ఎంచుకుంటే, రెండోవైపు మీ కొట్టు పేరు చెక్కి వేలల్లో కొట్టిస్తారు. అందుకే ఒకే లిబర్టీ తల ఒహాయోలో కిరాణా కొట్టు బిళ్ళ మీదా, మిషిగన్‌లో మందుల షాపు బిళ్ళ మీదా కనిపిస్తుంది. సుమారు 1,500 మంది వ్యాపారులు ఇలా తమ పేర్లతో కొట్టించారు.

పేరు లేని రకం కూడా ఉంది. వాటి మీద దేశభక్తి నినాదాలు, సైన్యానికీ నావికాదళానికీ జేజేలు, ‘మానిటర్’ అనే ఇనప యుద్ధనౌక బొమ్మ. వీటిలో నాకు బాగా నచ్చేది జాన్ డిక్స్ బిళ్ళ. ఈయన 1861 జనవరిలో ఆర్థిక మంత్రిగా ఉండగా, అమెరికా జెండాను దించబోయిన వాణ్ణి అక్కడికక్కడే కాల్చెయ్యమని తంతి పంపాడు. ఉత్తరాదిలో ఆ మాట మారుమోగిపోయింది. బిళ్ళల మీదకూ ఎక్కింది. ఒక అచ్చులో మాత్రం చెక్కినతను తొందరలో ‘స్పాట్’ బదులు ‘స్పూట్’ అని చెక్కేశాడు. దేశభక్తి ఆవేశం మధ్యలో అచ్చుతప్పు. ఆ తప్పుకే సేకర్తల దగ్గర ఇప్పటికీ ముచ్చట.

ఇందులో దేశభక్తి ఎంత, లాభమెంత? రెండూ ఉన్నాయి. ఒక బిళ్ళలో ఉండే రాగి విలువ సెంటులో ఐదో వంతుకు మించదు. దాన్ని సెంటుగా ఇస్తే మిగిలినదంతా వ్యాపారికి వడ్డీ లేని అప్పు. బిళ్ళ తిరిగి వచ్చినప్పుడు సరుకు ఇవ్వాలి, అదీ వస్తేనే. పోగొట్టుకున్నవాళ్ళు, ఊరు మారినవాళ్ళు, పిల్లల ఆటలో పోయినవి, ఇవన్నీ అచ్చంగా లాభం. రాజులు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. నాణెం కొట్టినవాడికి లోహం ఖర్చుకూ ముఖవిలువకూ మధ్య తేడా మిగులుతుంది. యుద్ధం పుణ్యమా అని ఆ రాజభోగం కొన్నాళ్ళు బీరు కొట్టాయనకు దక్కింది.

మరి జనం ఎందుకు తీసుకున్నారు? ఐదో వంతు రాగి అని వాళ్ళకు తెలీదా? తెలుసు. కానీ కొట్టు రోజూ తెరిచే ఉంటుంది. ఆయన పేరు, అడ్రసు బిళ్ళ మీదే ఉంది. తీసుకోనంటే నలుగురిలో నిలదీయొచ్చు. ప్రభుత్వం కాగితాన్ని రోజూ బంగారంతో తూచి చూసిన జనమే, వీధి చివర కొట్టు రాగిబిళ్ళను తూచకుండా జేబులో వేసుకున్నారు. దీన్ని నమ్మకం అనేసి ఊరుకోవడం నాకిష్టం లేదు. ‘ఎక్కడికి పోతాడులే’ అనే ధైర్యం అది. ఆ ధైర్యం ఒక వీధి దాకా, మహా అయితే ఒక పేట దాకా పనిచేస్తుంది. బిళ్ళ అంతకంటే దూరం వెళ్ళినప్పుడే తంటా.

అలా దూరం వెళ్ళిన బిళ్ళలు గుస్తావ్ లిండెన్‌ముల్లర్‌వి. ఈయన న్యూయార్క్ బవరీ ప్రాంతంలో ‘ఓడియన్’ అనే బీరు హాలు, నాటకశాల నడిపిన జర్మన్. చట్టంతో తగాదా ఈయనకు కొత్త కాదు. ఆదివారం నాటకాలు ఆడకూడదన్న చట్టం మీద కోర్టుకెక్కి 1861లో ఓడిపోయాడు. ఆ తీర్పును అమెరికాలో ఆదివారం చట్టాల చర్చల్లో తర్వాత్తర్వాత కూడా ఉదహరిస్తూ వచ్చారు. 1863లో ఈయన పది లక్షలకు పైగా బిళ్ళలు కొట్టించి జనంలోకి వదిలాడని చెబుతారు. ఒకవైపు గడ్డం మనిషి తల, రెండోవైపు నురగలు కక్కే బీరు మగ్గు.

అవి సహజంగానే చార్జీల కింద థర్డ్ ఎవెన్యూ గుర్రపు ట్రాముల్లోకి చేరాయి. ట్రాము కండక్టరు ఎక్కే ప్రతివాడితోనూ పేచీ పెట్టుకోలేడు. ఇచ్చింది పుచ్చుకున్నాడు. కంపెనీ దగ్గర గుట్టగా పోగయ్యాయి. నాణేల చరిత్రకారులు తరతరాలుగా చెప్పే కథ ఏమిటంటే, కంపెనీవాళ్ళు ఆ గుట్టను పట్టుకెళ్ళి, ‘ఇవి మీవే, మార్చి డబ్బివ్వండి’ అన్నారు. లిండెన్‌ముల్లర్ నవ్వి పొమ్మన్నాడు. కంపెనీ చేయగలిగింది ఏమీ లేకపోయింది. బిళ్ళ మీద డబ్బిస్తానని ఎక్కడా రాసి లేదు. అసలు అలాంటి బిళ్ళ ఇవ్వడమే నేరం అయినప్పుడు, దాని బాకీ వసూలు చెయ్యమని ఏ కోర్టుకు వెళ్తారు?

ఈ కథను సాధారణంగా లిండెన్‌ముల్లర్ గడుసుతనం కథగా చెప్పి నవ్వుకుంటారు. నాకు మాత్రం ట్రాము కంపెనీ మీద జాలి లేదు కానీ, అదే స్థితిలో కంపెనీ కాని మనుషులు ఎంతమంది ఉన్నారో అనిపిస్తుంది. పేపర్లు అమ్మే కుర్రాడి దగ్గర సాయంత్రానికి అలాంటి బిళ్ళలు ఇరవై పోగైతే? వాడు బవరీ దాకా నడిచి వెళ్ళి బీరు తాగాలా? ప్రైవేటు డబ్బు నడిచినంతసేపూ అందరికీ వసతే. ఆగిన రోజు ఎవరి జేబులో ఉంటే నష్టం వాళ్ళది. సంగీతం ఆగగానే కుర్చీ దొరకని పిల్లాడి ఆట. ఆ ఆటలో చివర్లో మిగిలేది చాలాసార్లు చిన్నవాడే, పేచీ పెట్టే ఓపిక లేనివాడే.

పట్నంలో కనీసం నాలుగు కొట్లున్నాయి. సైనిక శిబిరంలో ఒక్కటే. సైన్యం వెంట తిరుగుతూ పొగాకు, బిస్కట్లు, సూదీ దారం అమ్మే వ్యాపారిని ‘సట్లర్’ అనేవారు. యూనియన్ సైనికుడి జీతం నెలకు 13 డాలర్లు. నల్లజాతి సైనికులకు 1864 మధ్యదాకా 10 మాత్రమే, అందులోంచి 3 డాలర్లు బట్టలకు కోత. ఆ జీతం కూడా నెలల తరబడి వచ్చేది కాదు. ఈలోగా సట్లర్ అప్పు ఇస్తాడు, తన బిళ్ళల రూపంలో. ఆ బిళ్ళ ఆయన డేరాలో తప్ప ఎక్కడా చెల్లదు. ధర ఆయన చెప్పిందే. అదే రాగి, అదే అచ్చు పని. వీధిలో సాయంగా ఉన్న వస్తువే శిబిరంలో ఉరితాడు అయింది. తేడా అంతా బయటికి దారి ఉందా లేదా అన్న దాంట్లో ఉంది.

ఈ రెండో రకం మనవాళ్ళకూ తెలుసు. అస్సాం తేయాకు తోటల్లో 19వ శతాబ్దం చివర్లో, ఆ తర్వాత కూడా, కూలి డబ్బులకు బదులు తోట పేరున్న ఇత్తడి, రాగి టోకెన్లు ఇచ్చేవారు. మారుమూల కొండల్లోకి చిల్లర చేరదన్నది వాళ్ళు చెప్పిన కారణం. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ టోకెను తోట దాటితే చెల్లదు. కూలీ కూడా తోట దాటలేడు. ఆ తోటలకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్ళిన కూలీలూ ఉన్నారు. ఈ టోకెన్లను ఇప్పుడు వేలంపాటల్లో అందమైన వస్తువులుగా అమ్ముతుంటారు. అందంగానే ఉంటాయి.

ఉత్తరాదికి తిరిగొద్దాం. ఈ బిళ్ళల్ని జాగ్రత్తగా గమనిస్తున్నవాడు ఒకడు ప్రభుత్వంలోనే ఉన్నాడు. ఫిలడెల్ఫియాలో టంకశాల డైరెక్టరు జేమ్స్ పొలాక్. ఆయన చూసింది ఇది: తన టంకశాల బరువైన నికెల్ సెంట్లు కోట్లలో కొడితే పెట్టెల్లోకి పోతున్నాయి. సెంటులో ఐదో వంతు విలువ చేసే పలచటి రాగి బిళ్ళలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి, ఎవరూ ఫిర్యాదు చెయ్యడం లేదు. అంటే చిల్లరలో లోహం విలువ ఎవరికీ అక్కర్లేదు. బంగారం, వెండి నాణేల్లో నిండు విలువ కోరుకుంటారు, చిన్న నాణెం లెక్క సరిపెట్టుకోవడానికి ఉంటే చాలు. ఈ సంగతిని ఆయన తన నివేదికలోనే చెప్పి, నికెల్ తీసేసి పలచటి కంచు సెంటు కొడదామన్నాడు.

దీనికి అడ్డుపడింది నికెల్ వ్యాపారం. పెన్సిల్వేనియాలో నికెల్ గని జోసెఫ్ వార్టన్‌ది. ఆయన తరఫున కాంగ్రెసులో గట్టిగా మాట్లాడింది థాడియస్ స్టీవెన్స్. బానిసత్వాన్ని అంత తీవ్రంగా ఎదిరించిన మనిషే, తన జిల్లా గని దగ్గరకు వచ్చేసరికి నికెల్ వదలొద్దన్నాడు. రాజకీయం ఎక్కడైనా అంతే లెండి. చివరికి నికెల్ ఓడింది. 1864 ఏప్రిల్ 22 చట్టంతో సెంటు 72 గ్రెయిన్ల నుంచి 48 గ్రెయిన్లకు తగ్గింది, 95 శాతం రాగి, మిగతాది తగరం, జింకు. కొత్తగా రెండు సెంట్ల నాణెం కూడా వచ్చింది. ఆ చట్టంలోనే ప్రైవేటు ఒకటి, రెండు సెంట్ల బిళ్ళల మీద నిషేధం. జూన్ 8న ఇంకో చట్టం వచ్చి, ఏ లోహంలోనైనా, ప్రభుత్వ నాణేన్ని పోలినా పోలకపోయినా, సొంత బొమ్మైనా సరే, డబ్బుగా కొట్టకూడదంది. 3,000 డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు. ఇప్పుడు ‘నాట్’ అని రాసుకున్నా తప్పించుకోలేరు.

వీధి కొట్టాయన దగ్గర నేర్చుకుని, నేర్చుకున్న వెంటనే ఆయన్ని నిషేధించారు. నిషేధం తప్పని నేననను. లిండెన్‌ముల్లర్ కథ విన్నాక అనలేను కూడా. కానీ కొత్త కంచు సెంటు బరువు, రంగు, సైజు చూస్తే, అది పాత ప్రభుత్వ నాణెం కంటే కొట్టువాళ్ళ బిళ్ళకే దగ్గరగా ఉంటుంది. ఇంకో ముచ్చట: ఇప్పుడు అమెరికా డబ్బు మీదంతా కనిపించే ‘ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్’ అనే మాట మొదటిసారి ఎక్కింది ఆ 1864 రెండు సెంట్ల నాణెం మీదే. పక్కింటివాడి మీది నమ్మకాన్ని రద్దుచేసిన ఏడాదే దేవుడి మీది నమ్మకాన్ని అచ్చేశారు. ‘అరువు రేపు’ బోర్డులవాళ్ళకు ఈ తర్కం బాగా అర్థమవుతుంది.

పొలాక్ కనిపెట్టిన సూత్రం ఎనభై ఏళ్ళ తర్వాత మన జేబుల్లోకీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ప్రాంతంలో, బ్రిటిష్ ఇండియాలో చిల్లర కరువైంది. అవసరానికి మించి నాణేలు దాచుకోవడం నేరమన్నారు. సౌరాష్ట్ర, రాజపుతానా ప్రాంతాల సంస్థానాలు కొన్ని అట్టముక్కల మీద అచ్చేసి చిల్లరగా వాడాయి. 1943లో ప్రభుత్వం పాత కాణీ బరువును సగానికంటే తగ్గించి, మధ్యలో పెద్ద రంధ్రం ఉన్న కంచు కాణీ తెచ్చింది. అదే మన చిల్లుకాణీ. లోహం ఆదా చెయ్యడానికి పొడిచిన చిల్లు అది. మన భాషలో మాత్రం ‘చిల్లుకాణీకి కూడా కొరగాడు’ అనే తిట్టయి కూర్చుంది. పాపం, చిల్లున్నా ఆ కాణీ మిగతా కాణీల్లాగే చెల్లేది.

1864 తర్వాత అమెరికా బిళ్ళలు నెమ్మదిగా బజారు నుంచి జారుకున్నాయి. కొందరు వ్యాపారులు తమ బిళ్ళలకు ఆఖరిదాకా సరుకు ఇచ్చారు. కొందరు ఇవ్వలేదు. కొన్ని డబ్బాల్లో మిగిలి మనవల చేతికొచ్చాయి. యుద్ధం జరుగుతుండగానే సేకర్తలు అచ్చుపనివాళ్ళ దగ్గర చేరి వెండిలో, సీసంలో, గట్టి రబ్బరులో ప్రత్యేకంగా కొట్టించుకున్న రకాలూ ఉన్నాయి. వాటితో ఎవరూ రొట్టె కొనలేదు.

వెండి చిల్లర మాత్రం తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. చిన్న కాగితపు నోట్లు, మాసిపోయి, చిరిగి, వాసన వేస్తూ 1876 దాకా నడిచాయి. ఆ ఏడాది ఖజానా మళ్ళీ వెండి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలో, 1862 వేసవిలో పారిపోయిన పాత అర్ధ డాలర్లు, పావు డాలర్లు కెనడా నుంచీ లాటిన్ అమెరికా నుంచీ మూటలు మూటలుగా ఇంటిముఖం పట్టాయి. అరిగిపోయిన నాణేలతో గల్లాపెట్టెలు నిండిపోయాయి. చిల్లర మరీ ఎక్కువైపోయిందని వ్యాపారులు మొర పెట్టుకున్నారు. 1879లో కాంగ్రెసు, ఇరవై డాలర్ల చిల్లర తెస్తే ఖజానా మార్చి ఇస్తుందని ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.